నాపరాయి, మైదా జిగురు, అవ్వ చీర: కడప ఎండలో క్యాలికో బైండింగ్ డైరీ

ఇవి చేత్తో కుట్టి, గట్టి అట్టలకు బట్ట అంటించిన నోటుపుస్తకాలు. బజారులో దీన్నే క్యాలికో బైండింగ్ అంటారు. పని కడపలో, మేడ మీది గదిలో జరిగింది. మే ఎండల్లో మొదలై ఈశాన్య వానల దాకా సాగింది. చూసి చేసుకునేవాళ్ళకు పనికిరావాలని కొలతలన్నీ రాస్తున్నాను. ఏది ఎందుకు చెడింది, దాన్ని ఎలా మార్చాను అన్నది ఇంకా వివరంగా రాస్తున్నాను. చల్లటి ఊళ్ళలో ఉన్నవాళ్ళు చెప్పే పద్ధతులు 42 డిగ్రీల ఎండలో అలాగే పనిచేయవు. బైండింగ్‌లో సగం పని కుట్టు అయితే మిగతా సగం తడి. అది ఎక్కడినుంచి వస్తోంది, ఎటు పోతోంది, ఎంత తొందరగా పోతోంది అని కనిపెట్టి ఉండాలి.

పుస్తకం లెక్క

- పేజీ: కోత అయ్యాక 140 × 216 మి.మీ. (డెమ్మీ 1/8, అంటే అయిదున్నర, ఎనిమిదిన్నర అంగుళాలు)
- ఆకులు 96, పేజీలు 192
- కాగితం: 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు 80 గ్రాముల బరువు) మ్యాప్‌లితో రకం, 23 × 36 అంగుళాల షీట్లు ఆరు. బరువు పావుకిలో పైచిలుకు.
- అట్ట: 2 మి.మీ. గ్రే బోర్డు
- పై బట్ట: అవ్వ కట్టి వదిలేసిన మాధవరం నూలు చీర

దశ 1: కాగితం

ముందు ఇంట్లో ఉన్న ఏ4 కాగితాలను సగానికి మడిచి ఒక పుస్తకం కుట్టాను. దాన్ని పచ్చ పుస్తకం అందాం, ఇకముందు కూడా దాని మాట వస్తుంది. కుట్టు బాగానే కుదిరింది. వెన్నుకు జిగురు రాసి ఆరబెట్టాక మాత్రం ప్రతి పేజీ వెన్ను దగ్గర అలలు తేలింది. తెరిస్తే పేజీలు పడుకోవు, బిర్రుగా లేచి నిలబడతాయి. ఎంత బరువు పెట్టినా ఆ అలలు పోలేదు.

కారణం గ్రెయిన్, అంటే కాగితంలో పీచు తిరిగి ఉన్న దిక్కు. మిల్లులో కాగితం తయారయ్యేటప్పుడు పీచు ఎక్కువగా మిషన్ నడిచే దిక్కుకే తిరిగి ఉంటుంది. తడి తగిలితే పీచు పొడవుకు పెద్దగా సాగదు, అడ్డానికి ఉబ్బుతుంది. ఆ గ్రెయిన్ వెన్నుతో సమంగా నిలువుగా ఉంటే, ఉబ్బు ముందు అంచు (వెన్నుకు ఎదురుగా, పుస్తకం తెరిచే వైపు) దిక్కుకు పోతుంది కాబట్టి ఇబ్బంది లేదు. అడ్డంగా ఉంటే కాగితం వెన్ను పొడవునా పెరగాలని చూస్తుంది. అక్కడ జిగురు పట్టుకుని ఉంటుంది, పెరగడానికి చోటు లేదు, అందుకే అలలు. ఏ4 కాగితంలో సాధారణంగా గ్రెయిన్ పొడవు వైపుకు ఉంటుంది. సగానికి మడిస్తే అది అడ్డం తిరుగుతుంది.

రైకలు కుట్టడం వచ్చిన చేతికి ఇది కొత్త సంగతి కాదు. పడుగు ఎటు, పేక ఎటు అని చూడకుండా ఎవరూ కత్తెర పెట్టరు. కాగితానికీ ఆ పరీక్ష ఉంది:

1. మూడు అంగుళాల చదరం ముక్క కత్తిరించి, ఒక పక్కకు పెన్సిల్‌తో గుర్తు పెట్టాలి.
2. ఒక వైపు మాత్రమే తడి దూదితో తుడవాలి.
3. ముక్క గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం పొడవు ఎటు ఉంటే గ్రెయిన్ అటు.
4. నమ్మకం కలగకపోతే చించి చూడాలి. గ్రెయిన్ వెంట తిన్నగా చిరుగుతుంది, అడ్డంగా చించితే వంకర పోతుంది.

ఏ4 వదిలేసి పెద్ద షీట్లకు మారాను. 23 × 36 షీటులో గ్రెయిన్ 36 వైపుకు ఉంటే నాలుగు మడతలకు 16 ఆకులు వస్తాయి, ఒక్కో ఆకు 5.75 × 9 అంగుళాలు, గ్రెయిన్ నిలువుగా ఉంటుంది. అదే షీటులో గ్రెయిన్ 23 వైపుకు ఉంటే, నిలువుగా రావాలంటే 12 ఆకులే తెగుతాయి. పావు వంతు కాగితం వృథా. అందుకే అంగట్లో దస్తా కట్టించే ముందే ఒక మూల ముక్క అడిగి తడిపి చూసుకోండి. అంగడాయన వింతగా చూస్తాడు, చూడనీండి.

అట్టకూ ఇదే నియమం. అట్టను రెండు వైపులా కొద్దిగా వంచి చూస్తే ఎటు సులువుగా వంగుతుందో తెలుస్తుంది. సులువుగా వంగే వంపు వెన్నుతో సమంగా వచ్చేలా కోయాలి.

కొన్నవి: దస్తా (24 షీట్లు) ₹144, గ్రే బోర్డు ₹60.
ఇప్పటిదాకా ఖర్చు: ₹204. దస్తాలో నాలుగు పుస్తకాలకు సరిపడా కాగితం ఉంది.

దశ 2: మడత, చిల్లులు, కుట్టు

ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. తెల్లవారుజామున, ఎండ మేడ ఎక్కకముందు, చాప మీద కూర్చుని చేసే పని. ఒక్కో మడత కాగితాల కట్ట వెళ్ళి ముందుదానికి అతుక్కునేటప్పుడు దారం కాగితంలోంచి జారే చప్పుడు వినబడుతుంది. విడి కాగితాలు చేతిలోనే పుస్తకం అవుతుంటాయి. ఆ సంతోషం కోసమే మళ్ళీ మళ్ళీ దస్తా కొంటున్నాను.

ఫారం అంటే ఇక్కడ ఒకదానిలో ఒకటి దూర్చిన మడత కాగితాల కట్ట. షీటును మడత మీద మడత వేసి, చాకుతో విడదీస్తూ 9 × 11.5 అంగుళాల కాగితాలు ఎనిమిది తీయాలి. వాటిని సగానికి మడిచి కట్టలు చేయాలి. మడత నొక్కడానికి మొదట స్టీలు చెంచా వాడితే కాగితం మీద నిగనిగలాడే గీతలు పడ్డాయి. గరుకు కాగితంతో నున్నగా రుద్దిన వెదురు బద్ద దానికంటే ఎంతో మేలు.

అసలు తలనొప్పి దారంతో వచ్చింది. దస్తాలో తొలి ఆరు షీట్లతో చేసిన పుస్తకాన్ని గోతాలు కుట్టే దారంతో కుట్టాను. ఫారానికి నాలుగు మడత కాగితాలు, మొత్తం 12 ఫారాలు. కుట్టు బలంగా ఉంది. కానీ పుస్తకాన్ని పక్కకు తిప్పి చూస్తే వెన్ను దగ్గర లావుగా, ముందు అంచు దగ్గర పలచగా తయారైంది. కొలిస్తే ముందు అంచు 10 మి.మీ. లోపు, వెన్ను 17 మి.మీ.

లెక్క వేసుకుంటే ఇది ముందే తెలిసే విషయం. 80 జీఎస్ఎం ఆకు మందం సుమారు 0.1 మి.మీ. 96 ఆకులకు 9.6. ప్రతి ఫారం మధ్యలో ఒక దారం పోగు ఉంటుంది కాబట్టి ఫారాల సంఖ్యను దారం మందంతో గుణిస్తే వెన్ను ఎంత ఉబ్బుతుందో వస్తుంది. దారం మందం కొలవడానికి మిషన్లు అక్కర్లేదు. పెన్సిల్‌కు 20 చుట్లు ఒకదాని పక్కన ఒకటి చుట్టి స్కేలుతో కొలిచి 20తో భాగించాలి.

- గోతం దారం: 20 చుట్లు 12 మి.మీ., అంటే 0.6. 12 ఫారాలకు ఉబ్బు 7.2 మి.మీ.
- మాంజా పూయని నూలు గాలిపటం దారం: 20 చుట్లు 6 మి.మీ., అంటే 0.3. 8 ఫారాలకు ఉబ్బు 2.4 మి.మీ.

రెండు మార్పులు చేశాను. దారం సన్నం చేశాను. ఫారానికి నాలుగు బదులు ఆరు మడత కాగితాలు పెట్టి, 12 ఫారాలను 8 చేశాను. కుట్టు విప్పి అవే కాగితాలతో మళ్ళీ కుట్టాను. చిల్లులు అవే చోట్ల ఉన్నాయి కాబట్టి కాగితం ఏమీ పోలేదు. బరువు కింద పెట్టి తీస్తే వెన్ను 11.5 మి.మీ. ఈ పుస్తకానికి తర్వాత అవ్వ చీర ఎర్ర అంచు వచ్చింది, కాబట్టి ఇకనుంచి దీని పేరు ఎర్రంచు పుస్తకం.

మిషన్ మీద వాడే పాలిస్టర్ దారం కూడా ఒక ముక్క మీద చూశాను. సన్నగా ఉంటుంది, తెగదు. తెగదు కాబట్టే కాగితాన్ని కోస్తుంది. గట్టిగా లాగగానే చిల్లు చీలిక అయింది. పూలు కట్టే దారం మెత్తన, మధ్యలోనే తెగుతుంది. నూలు దారానికి తేనెమైనం పట్టిస్తే అన్నిటికంటే మంచిది. కొవ్వొత్తి మైనం పొడిలా రాలిపోతుంది.

చిల్లుల చోట్లు, కోతకు ముందున్న 228 మి.మీ. ఎత్తులో, పైనుంచి:

20 – 66 – 78 – 150 – 162 – 208

66–78 మధ్య ఒకటి, 150–162 మధ్య ఒకటి, రెండు లంగా బొందు ముక్కలు వెన్ను మీద అడ్డంగా కూర్చుంటాయి. 12 మి.మీ. వెడల్పున్న చదును బొందు కావాలి, గుండ్రంగా అల్లినది వద్దు.

1. అట్ట ముక్క మీద ఆరు చోట్లు గుర్తించి, ప్రతి ఫారం మడతలో దాన్ని పెట్టి దబ్బనంతో గుచ్చాలి. దబ్బనం ఏటవాలుగా దిగితే చిల్లు మడతలో పడకుండా పక్కకు పోతుంది.
2. రెండు మీటర్ల దారం, అంటే నాలుగున్నర మూరలు తీసుకుని మైనం మీద మూడుసార్లు లాగాలి. చిక్కు పడుతుంటే రెండు ముక్కలుగా చేసి నేతగాళ్ళ ముడితో కలపాలి.
3. చివరి చిల్లులోంచి లోపలికి, పక్క చిల్లులోంచి బయటికి, బొందు మీదుగా మళ్ళీ లోపలికి. ఇలా ఆ చివరి దాకా.
4. రెండో ఫారం పైన పెట్టి అలాగే వెనక్కి రావాలి. చివర మొదటి దారపు తోకతో ముడి.
5. మూడో ఫారం నుంచి ప్రతి చివర, కింది రెండు ఫారాల మధ్య సూది దూర్చి, ఉచ్చులోంచి తీసి బిగించాలి.
6. దారం ఎప్పుడూ వెన్ను వెంట, పోయే దిక్కుకే లాగాలి. పైకి లాగితే కాగితం చిరుగుతుంది.

కుట్టు ఎందుకు, జిగురుతో అంటిస్తే సరిపోదా అని మా వదిన అడిగింది. ఆమె చీటీల లెక్క రాసుకునే పుస్తకం వెన్నుకు జిగురు మాత్రమే వేసినది. రెండేళ్ళకే ఆకులు విడివిడిగా చేతికి వచ్చాయి. కాలం గడిచేకొద్దీ అలాంటి జిగురు పెళుసు బారి పగులుతుంది, పగిలిన చోట ఆకును పట్టుకునేది ఇంకేమీ ఉండదు. కుట్టు ఉంటే జిగురు పోయినా ఆకు పోదు.

ఊరి సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ తర్వాత ఇక్కడే బంగళా కొని, సొంత ఖర్చుతో పండితులను పెట్టుకుని, తాటాకు ప్రతుల్లోని కావ్యాలను కాగితం మీదికి ఎక్కించారు. ఆ బంగళా ఉన్న చోటనే ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది. తాటాకుకు చిల్లు, తాడు ఉంటే చాలు. జిగురు లేదు కాబట్టి ఆరబెట్టే బాధ లేదు. కాగితం వచ్చాకే మడత, కుట్టు, జిగురు, అట్ట ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. చేతిలో ఫారం పట్టుకున్నప్పుడల్లా ఆ మార్పు ఎంత పెద్దదో తెలుస్తుంటుంది నాకు.

కొన్నవి: దారం ₹30, తేనెమైనం ₹40, బొందు ₹20, దబ్బనం, సూదులు ₹25.
ఇప్పటిదాకా ఖర్చు: ₹319. కుట్టినవి: ఎర్రంచు పుస్తకం, దాని వెనకే ఇంకొకటి. దానికి గళ్ళ బట్ట అనుకున్నాను కాబట్టి గళ్ళ పుస్తకం.

దశ 3: వెన్ను, కోత

వెన్నుకు ఫెవికాల్ రకం తెల్ల జిగురు పలచగా పూయాలి. ఫారాల మధ్యకు వేలితో కొద్దిగా నెట్టాలి, అంతే. దాని మీద బ్యాండేజీ గుడ్డ. మెత్తటి గుడ్డ ముడుచుకుపోతుంటే ముందు గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే కాగితంలా నిలబడి చెప్పినట్టు వింటుంది. వెన్నుకు రెండు పక్కలా 25 మి.మీ. బయటికి వదలాలి. కుట్టు పుస్తకానికి ముందొకటి, వెనకొకటి మందమైన తెల్ల కాగితం మడిచి, మడత దగ్గర 3 మి.మీ. మేర జిగురుతో అంటించాలి. తర్వాత అట్ట లోపలి వైపుకు అంటించే కాగితం ఇదే. ఇవి కలిశాక వెన్ను 12 మి.మీ.

కోత ప్రెస్సు దగ్గర కటింగ్ మిషన్ మీద చేయించాను, పుస్తకానికి ₹20. గళ్ళ పుస్తకం పై అంచు వాలుగా తెగింది, ఒక చివరకు మరో చివరకు 2 మి.మీ. తేడా. వెన్ను ముందు అంచుకంటే మందం కదా, మిషన్ బిగింపు వెన్ను మీదే పడి ముందు భాగం వదులుగా ఉండిపోయింది, కత్తి దిగేటప్పుడు అది జరిగింది. ఎర్రంచు పుస్తకానికి ముందు అంచు వైపు నాలుగు పాత క్యాలెండర్ అట్ట ముక్కలు పెట్టి, మందం సమం చేసి ఇచ్చాను. తిన్నగా తెగింది. ఆ ముక్కలు పుస్తకంతోపాటే తీసుకెళ్ళండి, అక్కడ వెతుక్కునే తీరిక ఎవరికీ ఉండదు.

మొదట ముందు అంచు, తర్వాత పైన, కింద 6 మి.మీ. చొప్పున. ఇదే వరుస.

దశ 4: బట్ట

చీర ముక్కకు నేరుగా జిగురు రాసి అట్ట మీద వేస్తే పోగుల సందుల్లోంచి జిగురు పైకి వచ్చింది. ఆరాక అక్కడక్కడా నూనె మరకల్లా నల్లటి చుక్కలు. తుడిస్తే ఇంకా పెద్దవయ్యాయి. పచ్చ పుస్తకం అట్ట ఇలా పోయింది. పేజీలు ఎలాగూ అలలు తేలాయి కాబట్టి బట్ట ప్రయోగాలన్నీ దాని మీదే చేశాను.

పరిష్కారం, బట్ట వెనక పలచటి కాగితం అంటించి, ఆరాక వాడటం. తెల్ల గాలిపటం కాగితం సరిగ్గా సరిపోయింది. రంగుది వద్దు, తడికి రంగు వదిలి బట్టకు పడుతుంది.

ముందు మైదా జిగురు:

1. ఒక గిన్నె మైదాకు అయిదు గిన్నెల నీళ్ళు. ఉండలు లేకుండా చల్లని నీళ్ళలోనే కలపాలి.
2. సన్నటి మంట మీద ఆపకుండా తిప్పాలి. తెలుపు పోయి, గంజిలా మెరుపు వచ్చి చిక్కబడ్డాక ఇంకో రెండు నిమిషాలు ఉంచాలి.
3. చల్లారాక పలచటి గుడ్డలో పిండి వడకట్టాలి.

పాత బస్టాండు వైపు స్కూలు రిజిస్టర్లు బైండు చేసే పెద్దాయన ఒకరున్నారు. ఆయన ఇందులో మైలుతుత్తం కలుపుతారు, పురుగు పట్టకుండా. మాకు ఇంట్లో చిన్నపిల్లలున్నారు, తుత్తం విషం, కాబట్టి నేను కలపలేదు. కొంచెమే కాచి, ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజుల్లో వాడేశాను. వాసన మారితే పారేయడమే.

బట్ట వెనక కాగితం:

1. చీర ముక్కను ఉతికి, రంగు పోతుందేమో తెల్లగుడ్డతో తడిమి చూడాలి. అవ్వ చీర ఎన్నో ఉతుకులు చూసింది, ఏమీ వదల్లేదు. కొత్త గళ్ళ బట్ట మాత్రం 350 మి.మీ. పొడవుకు 6 మి.మీ. కుంచించుకుపోయింది. కోయకముందే ఉతకాలి.
2. నాపరాయి నున్నటి వైపు మీద బట్టను బోర్లా పరిచి, నీళ్ళు చిలకరించి, పడుగు తిన్నగా వచ్చేలా చేత్తో సర్దాలి.
3. గాలిపటం కాగితానికి పలచటి మైదా జిగురు పూసి బట్ట మీద పరవాలి. మధ్యనుంచి అంచులకు బ్రష్షుతో తడమాలి.
4. కాగితం అంచులు బట్టకంటే 2 సెం.మీ. ఎక్కువ ఉంచి, ఆ అంచులను రాతికే అంటించాలి.
5. నీడలో ఆరాక అంచు కోసి లేపాలి.

ఎండలో పెడితే ఏమవుతుందో ఒకసారి చూశాను. బట్ట పూర్తిగా ఆరకముందే అంచులు లేచి, గబగబా చుట్టుకుపోయింది. నీడలో ఆరినది ఇస్త్రీ చేసినట్టు వచ్చింది, కత్తెరకు పీచు రాలలేదు, జిగురు పైకి రాలేదు.

కొన్నవి: గాలిపటం కాగితం ₹10, మైదా ₹30, బ్రష్షు ₹40, నాపరాయి ముక్కలకు ఆటోతో సహా ₹100.
ఇప్పటిదాకా ఖర్చు: ₹499.

దశ 5: అట్టలు, ఆరబెట్టడం

కొలతలు ముందు రాస్తాను, వీటిలో తేడా వస్తే పుస్తకం మూసుకోదు.

- అట్టలు రెండు: 137 × 222 మి.మీ. పుస్తకంకంటే మూడు వైపులా 3 మి.మీ. బయటికి ఉంటాయి.
- వెన్ను పట్టీ: 16 × 222. పుస్తకం మందం 12, రెండు అట్టల మందం 4.
- అట్టకూ పట్టీకీ మధ్య సందు: 8 మి.మీ. చొప్పున రెండు.
- బట్ట: 336 × 252. నాలుగు వైపులా 15 మి.మీ. లోపలికి మడత. పడుగు వెన్ను వెంట.
- మూలలు ఏటవాలుగా కోసేటప్పుడు అట్ట మూలనుంచి 3 మి.మీ. వదలాలి. ఇంకా దగ్గరగా కోస్తే మూలలో అట్ట బయటపడుతుంది.

8 మి.మీ. సందు తెలియకముందు 5 పెట్టి చూశాను. పుస్తకం తెరిస్తే మొదటి పేజీని లాగుతూ అట్ట మధ్యలో ఆగిపోయింది. 8కి హాయిగా వెనక్కి పడుతోంది.

ఇక జిగురు. మే నెల మధ్యాహ్నం బట్టకు తెల్ల జిగురు ఒక చివర పూసి రెండో చివరకు వచ్చేసరికి మొదటి చివర పొర కట్టేసింది. అంటుకోలేదు, బుడగలు వచ్చాయి. తెల్ల జిగురు, మైదా జిగురు సగం సగం కలిపితే అట్ట సరిచూసుకుని జరుపుకునేంత వ్యవధి దొరికింది. పనిని ఉదయం ఏడులోపు ముగించేలా మార్చుకున్నాను. ఫ్యాన్ ఆపేయాలి. కడపలో మేలో ఫ్యాన్ ఆపి కూర్చోవడం కష్టమే, అయినా ఆపాలి. కారణం కింద ఉంది.

అట్ట వంగడం ఈ ప్రాజెక్టులో నన్ను అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది. గళ్ళ పుస్తకం అట్టలను బట్ట అంటించి బల్ల మీద, ఫ్యాన్ కింద ఆరబెట్టాను. మర్నాటికి బయటి వైపు తిరిగిన వంపు. అట్టను బండ మీద పెట్టి, మధ్య సందులో 80 జీఎస్ఎం కాగితాలు దూర్చి లెక్కపెట్టాను. పది కాగితాలు ఒక మి.మీ. 60 దాకా దూరాయి. అంటే 6 మి.మీ. వంపు. 222 మి.మీ. అట్టకు ఇది చాలా ఎక్కువ.

పుస్తకం పట్టుకుని బైండింగ్ పెద్దాయన దగ్గరికి వెళ్ళాను.

"చాచా, ఇట్ల వంగింది. బరువు పెడితే సరిపోతుందా?"

ఆయన వేలితో అట్ట నిమిరి, "గాలికి పెట్టినావా అమ్మా? గాలికి పెడితే ఇట్లే అయితాది. తడి బయటికి పోవల్ల, కానీ నిదానంగా పోవల్ల. రెండు పక్కలా ఒకే తీరుగా పోవల్ల" అన్నారు. జిగురు పూసిన తీరు చూసి, "కాగితం తాగేంత పెట్టు. మునిగేంత వద్దు" అన్నారు.

ఆ మాటలు పట్టుకుని చూస్తే జరిగింది అర్థమైంది. తడి బట్ట ఆరేటప్పుడు కుంచించుకుపోయి అట్టను తనవైపు లాగుతుంది. లోపలి వైపు కాగితం అంటించినప్పుడు అది ఆరుతూ ఎదురు లాగుతుంది. రెండు లాగుళ్ళూ సమానమైతే అట్ట తిన్నగా ఉంటుంది. ఫ్యాన్ కింద బయటి వైపు ముందే ఆరిపోయి బిగుసుకుంది. లోపలి కాగితం వచ్చేసరికి అట్ట వంపు ఖాయమైపోయింది.

బరువుకు నాపరాయి కంటే మంచిది మన జిల్లాలో దొరకదు. పాలిష్ పట్టే చోట విరిగిన ముక్కలు తెచ్చాను. 12 × 9 అంగుళాలు, అంగుళం మందం. కిరాణా కాటా మీద ఒక్కోటి నాలుగున్నర కిలోల పైన తూగింది. నాలుగు కలిపి దాదాపు 19 కిలోలు. పాలిష్ వైపు ఎంత చదునుగా ఉంటుందంటే స్కేలు నిలబెడితే కింద వెలుగు కనబడదు.

అయితే బండతోనూ ఒక చిక్కు వచ్చింది. బండలు మేడ మీద ఎండలో ఉండి వేడెక్కి ఉన్నాయి. ఆ వేడి బండల మధ్యనే పచ్చ పుస్తకానికి వేసిన కొత్త అట్టను పెట్టాను. 40 కాగితాలు దూరాయి, అంటే 4 మి.మీ. కింది బండ వేడికి ఒక వైపు ముందు ఆరింది. పైగా పాలిష్ రాయి తడి పీల్చదు. తడి పోయే దారి లేక అంచులనుంచే పోయింది, మధ్యలో చెమ్మ అలాగే ఉండిపోయింది. రెండు రోజులకు విప్పితే బూజు వాసన.

మార్చిన పద్ధతి, ఎర్రంచు పుస్తకానికి:

1. బండలు ముందురోజు రాత్రే గదిలోకి తెచ్చి చల్లబరచాలి.
2. బట్ట అంటించిన వెంటనే అట్టల పైన, కింద రాయని తెల్ల కాగితాలు పది పది వేయాలి. న్యూస్‌పేపరు వద్దు, సిరా అంటుతుంది.
3. రెండు బండలు పైన. గంట తర్వాత కాగితాలు మార్చాలి. సాయంత్రం మళ్ళీ, రాత్రి మళ్ళీ.
4. మరుసటి రోజు పుస్తకాన్ని అట్టల్లో పెట్టి, బ్యాండేజీ గుడ్డ, బొందు చివరలు, లోపలి కాగితం అన్నీ జిగురుతో అట్టకు అంటించాలి. కాగితానికి, పుస్తకానికి మధ్య పాలిథిన్ కవరు ముక్క దూర్చాలి, తడి పేజీల్లోకి పోకుండా.
5. సందు గాడిలో రెండు వైపులా సన్నటి వెదురు పుల్లలు పెట్టి నాలుగు బండలూ ఎత్తాలి.
6. రోజుకు రెండుసార్లు కాగితాలు మారుస్తూ నాలుగు రోజులు. తీసిన కాగితం బుగ్గకు ఆనిస్తే చల్లగా ఉంటే ఇంకా తడి ఉన్నట్టే.

నాలుగో రోజు కాగితం బుగ్గకు మామూలుగా తగిలింది. బండలు దించి అట్ట కింద కాగితాలు దూర్చాను. 12 దూరాయి, 13వది ఆగింది. 1.2 మి.మీ., అదీ లోపలి వైపుకు, పుస్తకాన్ని మూసి పట్టుకునే వంపు. అవ్వ చీర ఎర్ర అంచు సరిగ్గా వెన్ను పక్కన నిలువుగా వచ్చింది. ఆ పూటంతా పుస్తకం చేతిలోంచి దించలేదు నేను.

గళ్ళ పుస్తకం అట్టలు ఊడదీసి కొత్తవి వేశాను. దస్తాలో మిగిలిన షీట్లతో ఇంకో రెండు ఇదే పద్ధతిలో చేశాను.

కొన్నవి: తెల్ల జిగురు ₹60, బ్యాండేజీ గుడ్డ ₹20, నాలుగు పుస్తకాల కోత ₹80.
మొత్తం ఖర్చు: ₹659. పూర్తయినవి నాలుగు. పుస్తకానికి సుమారు ₹165.
పనిముట్లు, బండలు ఇప్పటికే ఉన్నాయి కాబట్టి తర్వాతి దస్తాకు పుస్తకానికి ₹125 లోపే పడాలి.

దశ 6: వానల తర్వాత

అక్టోబరు, నవంబరు వానల్లో గాలి చెమ్మగా ఉన్నప్పుడు నాలుగూ మళ్ళీ కొలిచాను.

- ఎర్రంచు: 1.2 మి.మీ. ఉన్నది 0.8కి తగ్గింది.
- గళ్ళది: 2 మి.మీ. ఉన్నది 1.5.
- మిగతా రెండు 1 మి.మీ. చుట్టుపక్కల.

వేసవిలో లోపలికి వంగినవి చెమ్మకు కొంచెం విచ్చుకున్నాయి. వానాకాలంలో బైండు చేసినవి వేసవిలో ఎటు పోతాయో కొలిస్తేగాని తెలియదు, అందుకని డిసెంబరు లోపల ఒకటి కుట్టి పెడుతున్నాను.

గళ్ళ పుస్తకం వదినకు ఇచ్చాను, చీటీల లెక్కకు. వాలుగా తెగిన పై అంచు ఆమెకు పట్టలేదు. బల్ల మీద పెడితే ఏ పేజీ దగ్గర తెరిచినా పడుకునే ఉంటుందని, ఎడమ చేత్తో నొక్కి పట్టుకోనక్కర్లేదని సంబరపడింది. "ఈ వెడల్పు గీతల పుస్తకం ఒకటి చేసిస్తావా, పైకం వేరే వరసలో రాసుకుంటా" అంది. గీతలు ప్రెస్సులో కొట్టించాలంటే మడతకు ముందే షీటు మీద కొట్టించాలి, అప్పుడు గీతలు మడతకు సరిగ్గా అడ్డంగా రావాలి. దానికి షీటు నాలుగు మూలలూ లంబంగా ఉండాలి. అంగట్లో షీట్లు కొలిస్తే ఒక వైపు 23 అంగుళాలు, రెండో వైపు 2 మి.మీ. తక్కువ.

తర్వాతి దస్తాకు మారుతున్నవి:

1. గీతలకు ముందు షీట్లన్నీ కటింగ్ మిషన్ మీద ఒక మూల లంబం చేయించడం. దానివల్ల పేజీ 138 × 214కు తగ్గుతుంది, అట్ట 135 × 220.
2. లంగా బొందు 12 మి.మీ. బదులు 10. అట్ట లోపల ఆ గట్టు కొంచెం పైకి తేలి కనబడుతోంది.
3. బండలు ఇంకో రెండు, రెండు పుస్తకాలు ఒకేసారి ఆరబెట్టడానికి.